ఆటల సందేహాలు: పెయింట్‌బాల్‌కు మిలిటరీ మచ్చల బట్టలు అవసరమా?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతూ అక్కడి విశ్వవిద్యాలయం పెయింట్‌బాల్ జట్టులో చేరాడు. పోటీలకు వెళ్లాలంటే జట్టు జెర్సీ కొనుక్కోవాలట, దానికి వంద డాలర్ల పైచిలుకు అవుతుందట. ఫొటో పంపితే చూశాను. ఎరుపు, పసుపు, నీలం కలగలిసిన చొక్కా అది. ‘ఇక్కడ మిలిటరీ మచ్చల బట్ట మీటరు లెక్కన దొరుకుతుంది, మన టైలరు చేత కుట్టించి పంపుతాను’ అంటే నవ్వి ఊరుకున్నాడు. దాక్కుని కాల్చుకునే ఆటలో అంత కొట్టొచ్చినట్టు కనబడే రంగులెందుకు? ఇది ఆటకు అవసరమా, లేక షోకా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: పెయింట్‌బాల్ అంటే రంగు నింపిన బంతులు కాల్చి ఎదుటివాళ్లను ఔట్ చేసే ఆట. దాని పుట్టుక చూస్తే మీ వాదనకే బలం చేకూరుతుంది. అడవి తెలిసిన మనిషి నెగ్గుకొస్తాడా, మహానగరపు ఒత్తిళ్లలో రాటుదేలిన మనిషి నెగ్గుకొస్తాడా అని రచయిత చార్లెస్ గెయిన్స్‌కూ, స్టాక్ బ్రోకరు హేస్ నోయెల్‌కూ మధ్య వాదన నడిచేది. దాన్ని తేల్చుకోవడానికి 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, హెన్నికర్ అనే ఊరి దగ్గరి అడవిలో, పన్నెండు మంది నెల్‌స్పాట్ 007 అనే రంగు పిస్తోళ్లు చేతబట్టి దిగారు. అవి చెట్లకూ పశువులకూ దూరం నుంచి గుర్తు వేయడానికి తయారైన పరికరాలు. జట్లు లేవు, ఎవరికి వారే. వేర్వేరు చోట్ల ఉంచిన జెండాలన్నీ పోగుచేసుకుని బయటపడినవాడు విజేత. గెలిచిన రిచీ వైట్ అడవుల పనిలో ఆరితేరినవాడు, పైగా ఒక్క బంతి కూడా కాల్చకుండానే గెలిచాడని ఈ ఆట చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. కంటపడకపోవడమే గెలుపుకు దారి అని మొదటి ఆటే నిరూపించిందన్నమాట. ఆ తర్వాతి సంవత్సరాల్లో పోటీలు అడవుల్లోనే జరిగాయి, ఆడేవాళ్లు మిలిటరీ మచ్చల బట్టలే వేసుకునేవారు.

అయితే మీ అబ్బాయి ఆడే చోట అడవి లేదు. 1990ల్లో పోటీ పెయింట్‌బాల్ చెట్ల మధ్య నుంచి బయటికొచ్చి, ఆటగాళ్లు చాటు తీసుకోవడానికి గాలి నింపిన బంకర్లు అమర్చిన చదును మైదానానికి చేరింది. ఇప్పుడు అమెరికాలో నేషనల్ ఎక్స్‌బాల్ లీగ్ వంటి పెద్ద పోటీల్లో మైదానం 150 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు ఉంటుంది. అంటే ఒక చివరి నుంచి మరో చివరికి 46 మీటర్లకు మించదు. కింద పచ్చటి కృత్రిమ గడ్డి, చుట్టూ వల, లోపల స్తంభాల్లా, గుడుల్లా, ఇటుకల్లా, చిప్స్ ముక్కల్లా రకరకాల ఆకారాల్లో బంకర్లు ఉంటాయి. ఆ చిప్స్ ఆకారపు వాటిని ఆటగాళ్లు నిజంగానే ‘డొరిటో’ అనే పిలుస్తారు. ఒక సగంలో ఏది ఎక్కడ ఉందో రెండో సగంలోనూ అచ్చం అలాగే ఉంటుంది. పైగా ఆ అమరిక పోటీకి ముందే విడుదలవుతుంది. జట్లు దాన్ని తమ సాధన మైదానంలో వేసుకుని ఆడి చూస్తాయి, పోటీ ఊరికి చేరాక మైదానమంతా నడిచి, ఏ బంకరు వెనక మోకరిల్లితే ఎదుటివాళ్ల ఏ సందు కనిపిస్తుందో చూసి పెట్టుకుంటాయి.

మచ్చల బట్టలు మనిషిని దాచాలంటే మూడు విషయాలు కలిసిరావాలి. వెనకనున్న దృశ్యం ఆ మచ్చల్లాగే వెలుగునీడలుగా చెదిరి ఉండాలి. మనిషి కదలకుండా ఉండాలి. చూసేవాడికి ఎక్కడ వెతకాలో తెలియకూడదు. పోటీ మైదానంలో ఈ మూడింటిలో ఒక్కటీ కుదరదు. నున్నగా, ఒకే రంగులో మెరిసే బంకరు పక్కన ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు దాక్కోవడానికి బదులు విడిగా కనిపిస్తాయి. కదలకుండా కూర్చున్న జట్టు ఓడిపోతుంది. ఇక వెతకడం అంటారా, ఎదుటి జట్టులోని ఐదుగురు ఎక్కడెక్కడ ఉండగలరో అందరికీ ముందే తెలుసు. కబడ్డీ కోర్టులోకి దిగిన రైడర్ ఎక్కడున్నాడో ఎవరూ వెతుక్కోనట్టే, ఇక్కడా ‘కనబడటం’ అనేది సమస్యే కాదు.

ఆట మొదలయ్యే క్షణాన్ని దగ్గరగా చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. హారన్ మోగగానే రెండు జట్లూ తమ తమ గేటు దగ్గరి నుంచి బంకర్ల వైపు పరుగు తీస్తాయి. పెయింట్‌బాల్ వేగానికి పోటీల్లో సెకనుకు సుమారు 300 అడుగులు, అంటే గంటకు 330 కిలోమీటర్ల దాకా, పరిమితి ఉంటుంది. అది గుండ్రటి, తేలికైన బంతి కాబట్టి గాలి తగిలి త్వరగా వేగం పోగొట్టుకుంటుంది. మైదానం ఈ చివర కాల్చింది ఆ చివరకు చేరడానికి సగం సెకనుకు పైనే పడుతుంది, ఆ లోపు పరుగెత్తే మనిషి మూడు నాలుగు మీటర్లు దాటిపోతాడు. అందువల్ల కాల్చేవాడు మనిషిని చూసి కాల్చడు. రెండు బంకర్ల మధ్య ఖాళీ సందును ముందే ఎంచుకుని, అక్కడ ఇంకా ఎవరూ లేకముందే సెకనుకు పది బంతుల చొప్పున వరసగా వదులుతాడు, పరుగెత్తేవాడు తనంతట తానే వచ్చి ఆ ధారలో తగులుకుంటాడు. ఖాళీ జాగాకు గురి పెట్టినవాడికి మీ అబ్బాయి చొక్కా ఎర్రగా ఉన్నా ఒకటే, ఆకుపచ్చగా ఉన్నా ఒకటే.

బంకరు చేరాక కూడా అంతే. అంచు దాటి బయటికి కనిపించేది చొక్కా కాదు. మార్కర్ (బంతులు కాల్చే తుపాకీ) మీద బంతులు నింపే డబ్బా, మాస్కు అద్దం, సరిగా ముడుచుకోని మోచేయి, మరిచిపోయిన పాదం. మార్కర్‌కు తగిలి పగిలినా, నడుముకు కట్టుకున్న బంతుల గొట్టాలకు తగిలి పగిలినా ఔటే. కాబట్టి శిక్షకులు మోచేయి దగ్గరగా లాక్కోవడం, రెప్పపాటులో బయటికి వచ్చి కాల్చి వెనక్కి తగ్గడం నేర్పుతారు. నా దృష్టిలో ఒంటిని చిన్నది చేసుకోవడమే ఈ ఆటలో అసలైన దాక్కోవడం, దానికి ఏ బట్టా సాయపడదు.

మచ్చల బట్టల వల్ల లాభం లేకపోవడమే కాదు, నష్టం కూడా ఉంది. బంతి తగిలితే చాలదు, ఒంటి మీద పగలాలి. పగిలిందా లేదా అని తేల్చేది రిఫరీ. ఆటగాడి వీపు మీద పడిన రంగు అతనికి కనిపించదు, దూరం నుంచి రిఫరీ చూసి చెప్పాలి. ఆకుపచ్చ, గోధుమ, నలుపు మరకలు ముందే ఉన్న బట్ట మీద కొత్తగా పడిన చుక్క ఏదో తేల్చుకోవడం కష్టం; నిర్ణయం ఆలస్యమవుతుంది, ఎదుటి జట్టుకు అనుమానం మిగులుతుంది, గొడవ మొదలవుతుంది. రెండోది, మనవాడెవరో పరాయివాడెవరో అరక్షణంలో గుర్తుపట్టాల్సిన ఆటలో రెండు జట్లూ ఒకేలాంటి మచ్చల బట్టలు వేసుకుంటే సొంతవాళ్లే కాల్చి బయటికి పంపుతారు.

ఇక ఆట ప్రతిష్ఠ సంగతి కూడా ఉంది, దాన్ని నేను తక్కువగా చూడను. చూడటానికి యుద్ధంలా ఉందన్న విమర్శ పెయింట్‌బాల్‌ను మొదటి నుంచీ వెంటాడుతోంది. 2009లో జర్మనీలోని విన్నెండెన్ పట్టణంలో ఒక పాఠశాలలో కాల్పులు జరిగాక, అక్కడి ప్రభుత్వ కూటమి పెయింట్‌బాల్‌ను ఏకంగా నిషేధించాలని ఆలోచించి, తీవ్ర వ్యతిరేకత వచ్చాక వెనక్కి తగ్గింది. క్రీడగా నిలబడాలని, ప్రేక్షకుల్నీ స్పాన్సర్లనూ రప్పించాలని కోరుకునేవాళ్లు సైనిక వేషాన్ని వదిలించుకోవడంలో ఆశ్చర్యం లేదు. శాన్ డియేగో డైనస్టీ, లాస్ ఏంజెలిస్ ఐరన్‌మెన్ వంటి పేరుమోసిన జట్ల చొక్కాలు దూరం నుంచి చూస్తే మోటార్‌సైకిల్ పందేల దుస్తుల్లా ఉంటాయి తప్ప యూనిఫారాల్లా కాదు.

షోకు లేదని మాత్రం అనను. ఆ వంద డాలర్లలో జట్టు పేరుకు, వీపు మీద అంకెకు, రంగుల ముద్రణకు పోయేది చాలానే ఉంటుంది. కానీ మిగిలినదానికి పని ఉంది. ఒంటికి అంటుకోకుండా వదులుగా వేలాడే పలుచటి బట్ట, మోచేతుల దగ్గర మెత్త, చంకల్లో గాలాడే జాలీ, ఇవన్నీ పాకినప్పుడు, జారినప్పుడు ఒంటిని కాపాడతాయి. వదులైన బట్టకు, మెత్తకు తగిలిన బంతి కొన్నిసార్లు పగలకుండా ఎగిరి పడుతుంది, పగలకపోతే ఔట్ కాదు. ఈ సౌకర్యం మరీ ఎక్కువ కాకుండా ఎన్ని పొరలు వేసుకోవచ్చో, ఎలాంటి మెత్త వాడవచ్చో పోటీల నిబంధనలు హద్దు పెడతాయి. అందుకే మన టైలరు మందపాటి డ్రిల్లు గుడ్డతో కుట్టిన మచ్చల జత టెక్సాస్ ఎండలో ఉడకబెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అక్కడి కళాశాల జట్లకు నేషనల్ కాలేజియేట్ పెయింట్‌బాల్ అసోసియేషన్ అనే సంస్థ ఉంది. జెర్సీ కొనేముందు దాని దుస్తుల నిబంధనలు ఒకసారి చదువుకోమనండి. డబ్బు ఆదా చేయాలనుకుంటే జట్టులోని సీనియర్ల పాత జెర్సీ అడిగి తీసుకోవడం మేలు. మాస్కు విషయంలో మాత్రం పొదుపు వద్దు. కంటికి తగిలే బంతి చూపును పోగొట్టగలదు.

ప్రశ్న: మా ఆఫీసు వాళ్లను శామీర్‌పేట వైపు ఒక రిసార్టుకు తీసుకెళ్లి పెయింట్‌బాల్ ఆడిస్తామంటున్నారు. పోటీలంటే చదును మైదానం సరే, చెట్లూ రాళ్లూ ఉన్న చోట ఆడితే మచ్చల బట్టలు పనికొస్తాయా?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: పనికొస్తాయి, కానీ అనుకున్నంత కాదు. నీడల్లో, పొదల మధ్య కదలకుండా కూర్చుని, దారిన పోయేవాళ్ల కోసం కాచుకునే ఆటలో అవి మీకు కొన్ని క్షణాలు సంపాదించి పెడతాయి. కదిలిన మరుక్షణం ఆ ప్రయోజనం సగానికి పైగా పోతుంది, ఎందుకంటే మన కంటి అంచు రంగును అంతగా పట్టించుకోకపోయినా కదలికను వెంటనే పసిగడుతుంది. ఎండ పడి మెరిసే మాస్కు అద్దం, తెల్లటి బూట్లు, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు, పక్కవాడితో గుసగుసలు, ఇవన్నీ చొక్కా కంటే ముందు మిమ్మల్ని పట్టిస్తాయి.

ఇంకో సంగతి. అద్దెకిచ్చే జతలు ఎక్కువగా ముదురు ఆకుపచ్చ మచ్చలతో ఉంటాయి, అవి చల్లటి దేశాల దట్టమైన అడవుల్ని దృష్టిలో పెట్టుకుని పుట్టిన నమూనాలు. మన దక్కను నేల వేరు. జూలై, ఆగస్టుల్లో పచ్చగా ఉన్నప్పుడు అవి నప్పుతాయి. మార్చి, ఏప్రిల్‌లో ఎండు గడ్డి, ఎర్రమట్టి, బూడిదరంగు గుండురాళ్ల మధ్య ఆకుపచ్చ జత నల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఆ రోజుల్లో పాత ఖాకీ ప్యాంటు, మట్టి రంగు చొక్కా అంతకంటే బాగా కలిసిపోతాయి. నేలను బట్టి రంగు మారాలన్న ఈ చిన్న విషయాన్ని అగ్రరాజ్యపు సైన్యమే ఒకసారి పెడచెవిన పెట్టింది. ఎడారికీ, అడవికీ, పట్టణానికీ అన్నింటికీ ఒకటే సరిపోతుందని 2004లో అమెరికా సైన్యం బూడిద, ఆకుపచ్చ కలిసిన ఒక కొత్త నమూనాను ప్రవేశపెట్టింది. అది ఎక్కడా సరిగా కలవలేదు. 2010లో అఫ్గానిస్తాన్‌లో ఉన్న దళాలకు వేరే నమూనా ఇవ్వాల్సివచ్చింది, 2019 నాటికి పాతదాన్ని పూర్తిగా పక్కన పెట్టారు.

అమెరికాలో వేల మంది ఒకేసారి దిగే యుద్ధనాటకాల ఆటలు కూడా ఉన్నాయి. పెన్సిల్వేనియా అడవుల్లో నార్మండీ దండయాత్రను తలపిస్తూ ఏటా జరిగే ఆట వాటిలో పేరున్నది. అక్కడ మిలిటరీ మచ్చల బట్టలదే రాజ్యం, దాన్ని తప్పుపట్టను. వేషం కూడా ఆ సరదాలో భాగమే. కానీ అలాంటి ఆటల్లోనూ ఎవరు ఏ పక్షమో తెలియడానికి చేతికి రంగు పట్టీ కట్టుకోవాలి. కనబడకూడదని ఒళ్లంతా ఆకులు కప్పుకున్నవాడు కూడా భుజాన ఒక మెరిసే పట్టీతో తిరగాల్సిందే.

ఆఫీసు ఆటకు నా సలహా ఏమిటంటే, రిసార్టు ఇచ్చే జతను మీ బట్టల మీద వేసుకోండి, అది మిమ్మల్ని దాచడానికి కాదు, బట్టలు పాడవకుండా, దెబ్బ కాస్త తక్కువగా తగలడానికి. కింద నిండు చేతుల చొక్కా, మెడకు ఒక రుమాలు ఉండాలి. చున్నీ, వేలాడే నగలు వద్దు. మాస్కు మైదానం దాటి వచ్చేదాకా తీయకండి, అద్దం మసకబారినా సరే.

ప్రశ్న: మా స్నేహితులం సొంతంగా ఒక జట్టు పెట్టుకున్నాం. సైన్యం కొత్త యూనిఫారం లాంటి బట్ట బజారులో కనిపించింది. దానితో జట్టు దుస్తులు కుట్టించుకుంటే చట్టపరంగా ఇబ్బందేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ బట్ట మాత్రం వద్దు. భారత సైన్యం నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ సాయంతో రూపొందించిన కొత్త నమూనాను 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు ప్రదర్శించింది. ఆ తర్వాత ఆ డిజైన్‌ను తన పేర రిజిస్టరు చేయించుకుంది. అనుమతి లేకుండా దాన్ని తయారు చేసేవాళ్ల మీద, అమ్మేవాళ్ల మీద చర్య తీసుకోవచ్చని సైన్యం స్పష్టంగా చెప్పింది. మీకు బజారులో కనిపించింది అదే నమూనా అయితే, అమ్మినవాడు తప్పు చేస్తున్నాడు, అతని దగ్గర కొని మీరు ఆ చిక్కులో భాగం కావడం దేనికి?

వేసుకునేవాడి విషయంలో చట్టం చూసేది ఉద్దేశాన్ని. సైనికుడు కాని వ్యక్తి, తనను సైనికుడని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో సైనిక దుస్తులను గానీ వాటిని పోలినవాటిని గానీ ధరిస్తే అది నేరం. పాత శిక్షాస్మృతిలో ఇది 140వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్. మూడు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. కంచె వేసిన ఆట స్థలంలో మాస్కు పెట్టుకుని రంగు బంతులు కాల్చేవాడికి ఆ ఉద్దేశం అంటగట్టడం కష్టమే. చిక్కంతా ఆట ముగిశాక వస్తుంది. నలుగురు కుర్రాళ్లు మచ్చల బట్టలతో, చేతిలో తుపాకీని పోలిన మార్కర్లతో టీకొట్టు దగ్గర ఆగితే చూసేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించండి. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి జరిగాక, సైనిక దుస్తుల్లాంటివి వేసుకోవద్దని సైన్యమే పౌరులను కోరింది. మీది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు, అక్కడ ఇలాంటి వాటిని చూసీచూడనట్టు వదిలేస్తారని అనుకోవద్దు.

విదేశాలకు వెళ్లే పాఠకులకు కూడా ఒక మాట. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ వంటి కరీబియన్ దేశాల్లో ఏ రకం మిలిటరీ మచ్చల బట్ట అయినా పౌరులు వేసుకోవడం నిషేధం, పిల్లల చొక్కా అయినా సరే. క్రికెట్ చూడటానికి వెళ్లేవాళ్లు పెట్టె సర్దుకునేటప్పుడు గమనించాలి.

మీ జట్టుకు రెండు ముదురు రంగులు ఎంచుకుని, వీపు మీద అంకెతో, స్పోర్ట్స్ దుకాణంలో చేయించే మామూలు నిండు చేతుల జెర్సీ చాలు. చదును మైదానంలో ఆడినా నష్టం లేదు, తోటలో ఆడినా పెద్దగా లేదు. మార్కర్లను సంచుల్లో పెట్టి తీసుకెళ్లండి.

ప్రశ్న: పెయింట్‌బాల్ ఆడి వచ్చిన బట్టల మీది రంగు పోతుందా? అది తలుచుకునే మా ఇంట్లో పిల్లలకు నల్ల చొక్కాలే వేసి పంపుతున్నాం.
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: పోతుంది. చెట్లకు గుర్తులు వేసే రోజుల్లో లోపల నూనె రంగు ఉండేది, మొదటి తరం ఆటగాళ్లు దాన్ని వదిలించుకోవడానికి టర్పెంటైన్ వాడాల్సివచ్చేది. ఇప్పటి బంతి చేప నూనె మాత్రల్లాంటి జెలటిన్ గుళిక. ఒకప్పుడు మందుల గుళికలు చేసే ఆర్. పి. షెరర్ సంస్థే వీటినీ తయారు చేసింది. లోపలుండేది నీళ్లలో కరిగే ద్రవం, రంగు. ఇంటికి రాగానే చల్లటి నీళ్లలో జాడించి, తర్వాత మామూలుగా ఉతికితే చాలావరకు వదులుతుంది. ఎండలో ఎండనిచ్చి మర్నాడు చూద్దామనుకుంటే, లేత రంగు నూలు బట్టల మీద చిన్న మరక మిగలవచ్చు. పగిలిన గుళిక తొక్కలు జేబుల్లో, మడతల్లో జిగురులా అంటుకుంటాయి, ఉతికేముందు దులపండి.

నల్ల చొక్కా మాత్రం మార్చండి. విజయవాడ ఎండలో అది పిల్లల్ని ఉడికిస్తుంది. పాత, నిండు చేతుల, లేత రంగు చొక్కా వేసి పంపండి. రంగు ఎక్కడ పడిందో రిఫరీకి వెంటనే తెలుస్తుంది, పిల్లల మధ్య ‘నాకు తగల్లేదు’ అనే తగాదా కూడా ఉండదు.